టోనోస్ అంటే టెన్షనా?

ప్రశ్న: స్టోయిక్కులనే పాత గ్రీకు తత్వవేత్తల గురించి చదువుతుంటే ‘టోనోస్’ అనే గ్రీకు మాట తగిలింది. ఇంగ్లీషులో టెన్షన్ అని ఇచ్చారు. తెలుగులో ‘ఒత్తిడి’ అని రాయొచ్చా అండీ?

జవాబు: వద్దండీ. ఒత్తిడి అంటే అదమడం. టోనోస్ అంటే లాగి బిగించడం. సాగదీయడం అనే అర్థమున్న ‘తెయినో’ క్రియ నుంచి పుట్టింది.

మంచాలకు బిగించే తాళ్లను కూడా ఆ మాటతోనే పిలిచేవారు. క్రీ.పూ. 479లో ఎథెన్సు సేన సెస్టోస్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు, లోపల చిక్కుకున్నవాళ్లు తిండిలేక మంచాల ‘టోనోస్’లు ఉడకబెట్టుకు తిన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తోలు పట్టీలై ఉండాలి, మన నులకైతే ఎంత ఉడికించినా లాభం లేదు!

తీగ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది కదా, అలా సంగీతంలోకి వచ్చింది. మధ్యమానికీ పంచమానికీ మధ్య ఉన్న 9:8 అంతరం పేరు టోనోసే. వ్యాకరణంలో పదం మీద గొంతు లేచే చోటు కూడా అదే. 1982 లిపి సంస్కరణ తర్వాత గ్రీకు రాతలో నొక్కి పలికే చోటు చూపడానికి మిగిలిన ఒకే ఒక్క గుర్తునూ అలాగే అంటారు.

ఇక మీ స్టోయిక్కుల సంగతి. వాళ్ల లెక్కన లోకమంతా ‘న్యూమా’ అనే ప్రాణవాయువు నిండి ఉంటుంది. అది ఒకేసారి లోపలికీ బయటికీ కదలడం వల్ల వచ్చే బిగువే టోనోస్. రాయి రాయిగా, చెట్టు చెట్టుగా నిలబడేది దానివల్లే. మనసుకూ అంతే: బిగువు బాగుంటే ‘యూటోనియా’, సడలితే ‘అటోనియా’. మనం టెన్షన్ తగ్గాలంటాం, వాళ్లకు తగ్గడమే జబ్బు. అందుకే నా ఓటు ‘బిగువు’కి.

మరొకరు: ఫిజిక్సు పుస్తకాల్లో టెన్షన్‌కి ‘తన్యత’ ఉందిగా? సర్ఫేస్ టెన్షన్‌ని తలతన్యత అని చదువుకున్నాం.

జవాబు: భలే గుర్తుచేశారు. సంస్కృతంలో ‘తన్’ ధాతువు, గ్రీకు ‘తెయినో’, టెన్షన్‌కి మూలమైన లాటిన్ ‘తెందెరె’ ఒకే మూలానివి. తంతువు, తంత్రి ఆ తన్ నుంచే. కాబట్టి చుట్టరికంలో తన్యతే దగ్గర. కానీ ‘మనసు తన్యత’ అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? భౌతికశాస్త్రం దగ్గర తన్యత, తత్వం దగ్గర బిగువు వాడండి.