అప్‌డేట్: తాతయ్య డైరీలో 'సముద్రంలో పడ్డ రాకెట్' సంగతి తేలింది

అమలాపురంలో మా ఇంటి అటక మీద దొరికిన తాతయ్య డైరీలో, 1979 ఆగస్టు పేజీలో "మన రాకెట్టు సముద్రంలో పడింది" అని ఉంది, పుస్తకాల్లోనేమో 1980లో సక్సెస్ అంటారు, ఏది నిజం అని అడిగాను కదా. రెండూ నిజమేనండీ! జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఉపగ్రహాల్ని పైకి పంపే మన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3ని 1979లో ఒకసారి, 1980లో ఒకసారి ప్రయోగించారన్నవాళ్ల మాటే కరెక్ట్, మా ఫిజిక్స్ మాస్టారూ అదే చెప్పారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో బాగానే లేచింది గానీ, రెండో దశ కంట్రోల్ సిస్టంలో వాల్వు ఇరుక్కుని, నైట్రిక్ యాసిడ్ కారిపోయి, అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిందట. 1980 జులై 18న మాత్రం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆర్యభట ఉపగ్రహానికీ ఈ రాకెట్‌కీ సంబంధం లేదు, అది 1975లో సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. వాతావరణం బాలేక పడిందేమో అన్న నా అనుమానమూ తప్పే. 1980 డైరీ కూడా దొరికింది, జులై పేజీలు మాత్రం చెదలు తినేశాయి.