పాత సీరియళ్ల డీవీడీలు ఉండంగ మళ్లీ బ్లూరేలు కొనాల్నా?

నయీంనగర్ నివాసి

అందరికీ నమస్కారం. మా బావ అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ఒక్కో పెట్టె తెచ్చిచ్చిండు. అట్ల నా దగ్గర అల్మారల రెండు అరల నిండ డీవీడీలున్నయ్. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ ఏడు సీజన్లు, ఫ్రెండ్స్ పది సీజన్లు, బ్లాక్ అండ్ వైట్ ట్విలైట్ జోన్ మొత్తం. పాత డబ్బా టీవీల ఇవి మంచిగనే కనబడేటియి. పోయిన నెల 55 అంగుళాల టీవీ తెచ్చినం. అదే డిస్కు పెడితే మనుషుల ముఖాలు నీళ్లల్ల చూసినట్టున్నయ్. దూరం నుంచి తీసిన సీన్ల ఎవరు ఎవరో గొంతు విని పోల్చుకోవాల్సి వస్తున్నది.

బావ బతుకమ్మ పండుగకు వస్తున్నడు. ఏమన్న తేవాల్నా అని ఫోన్ చేసిండు. మూడు సెట్లూ బ్లూరేలల్ల, అంటే డీవీడీ కన్న తేట బొమ్మ ఉండే డిస్కులల్ల, తెప్పించుకుందామని ఉంది. మా ఇంటామె మాత్రం "ఇంట్ల ఉన్నయే మళ్లీ కొనుడేంది?" అని అడిగింది. నాకు జవాబు దొరకలే. ఆమె అడిగినదాంట్ల న్యాయం ఉంది. కథ అదే, మనుషులు వాళ్లే. అనుభవం ఉన్నోళ్లు చెప్పున్రి.

గోదావరిఖని తమ్ముడు

వదిన అడిగిందే కరెక్టు అన్నా. నేను సింగరేణి క్వార్టర్లల్ల పెరిగిన. 1987 జనవరిల దూరదర్శన్‌ల రామాయణం మొదలైనప్పుడు మా లైన్ మొత్తానికి ఒక్కటే టీవీ, అదీ రంగులది కాదు. ఒకలు మిద్దెక్కి యాంటెన్నా తిప్పాలె, ఒకలు కిటికీలకెళ్లి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని ఒర్లాలె. తెర మీద చుక్కలు తప్ప సగం సేపు ఏం కనబడకపోయేది. అయినా 78 వారాలు ఒక్క ఆదివారం ఇడిసిపెట్టలే. సీతమ్మ అడవికి పోతుంటే మా నాయనమ్మ కొంగు తడిసింది. ఆ కన్నీళ్లకు బొమ్మ తేటగ ఉండాల్సిన అవసరం పడలే.

ఒక్కసారి పైసలు పెట్టి కొన్నదానికి మళ్లీ పైసలు పెట్టుడు నాకు నచ్చదు. రేపు ఇంకో కొత్త డిస్కు వస్తది, మళ్లీ కొంటవా?

పాత స్టూడియో, హన్మకొండ చౌరస్తా

తమ్మీ, నువ్వు చెప్పిన రామాయణం సంగతి నిజమే. గని నయీంనగర్ తమ్ముని ప్రశ్నకు అది జవాబు కాదు. డీవీడీనా బ్లూరేనా అనే ముందు ఆ సీరియల్‌ను దేని మీద తీసిండ్రు, దేని మీద ఎడిటింగ్ చేసిండ్రు అని అడగాలె. ముప్పై ఏండ్లు పెండ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసినోన్ని కాబట్టి నాకు తెలిసిన తీరుగ చెప్త.

1994ల మట్టెవాడల ఒక పెండ్లి తీసిన. మొన్న ఆ జంట బిడ్డ పెండ్లి కుదిరింది. అమ్మానాయనల పెండ్లి ఫోటో గోడంత పెద్దగ కావాలని ఆ పిల్ల వచ్చింది. నెగెటివ్ నా డబ్బాల భద్రంగ ఉంది. తీసి స్కాన్ చేసిన. పట్టుచీర అంచుల జరీ పోగు పోగు కనబడ్డది. పెండ్లికొడుకు భుజం మీద ఇరుక్కున్న తలంబ్రాల గింజ కూడ కనబడ్డది. ఆ పిల్ల దాన్ని వేలితోని ముట్టి చూసింది. అదే పెండ్లి వీడియో క్యాసెట్ కూడ తెచ్చింది, దీన్ని గూడ గంత సాఫుగ చెయ్యమన్నది. మూడు దినాలు కూసున్న. సాఫ్ట్‌వేర్ ఎంత గుంజినా ముఖం మైనం బొమ్మ లెక్క నున్నగ అయింది తప్ప కంటి రెప్ప రాలే. ఆ టేపు మీద రెప్ప ఎన్నడూ ఎక్కనేలేదు, ఎక్కడికెళ్లి వస్తది?

టీవీ సీరియళ్ల ముచ్చట కూడ ఇంతే. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసినయ్ ఉన్నయ్, స్టూడియోల వీడియో టేపు మీద తీసినయ్ ఉన్నయ్. అమెరికా డీవీడీల బొమ్మ 720 అడ్డం, 480 నిలువు చుక్కలు. బ్లూరేల 1920, 1080. గుణించి చూడు, సరిగ్గ ఆరు రెట్లు. పాత సీరియల్ డబ్బా తీరుగ ఉంటది కాబట్టి రెండు పక్కల నల్ల పట్టీలు పోంగ 1440 అడ్డం మిగులుతది, అయినా నాలుగున్నర రెట్లు. ఫిల్ము మీద అంతకు మించిన వివరం ఉంటది కాబట్టి నెగెటివ్ మళ్ల స్కాన్ చేస్తే ఆ చుక్కలన్నిట్లకు నిజమైన బొమ్మ వస్తది. టేపు మీద తీసినదాన్ని అన్ని చుక్కలకు సాగదీస్తే నీళ్లు కలిపిన పాలే.

మరి నీ స్టార్ ట్రెక్ సంగతి. 1987 నుంచి 1994 దాక వచ్చిన సీరియల్ అది. షూటింగ్ ఫిల్ము మీద చేసిండ్రు, గని ఎడిటింగ్, అంతరిక్షం ఎఫెక్టులు అన్నీ టేపు మీద పూర్తి చేసిండ్రు. మనం డీవీడీల చూసేది ఆ టేపు బొమ్మే. బ్లూరే కోసం వాళ్లు ఆ టేపును సాగదియ్యలే. గోదాములల్ల నుంచి అసలు నెగెటివ్‌లు బయటికి తీసి, పాత ఎడిటింగ్ చూసుకుంట ఒక్కొక్క షాటు మళ్ల అతికిచ్చిండ్రు. ఓడ నమూనాల షాట్లు ఫిల్ము ముక్కలుగ దొరికితే వాటిని మళ్ల కలిపిండ్రు. 2012 నుంచి 2014 దాక ఏడు సీజన్లు అట్ల వచ్చినయ్. మన వేయిస్తంభాల గుడి కల్యాణమండపం యాదికి తెచ్చుకోన్రి. 2006ల రాళ్లు విప్పి, నంబర్లేసి, మళ్ల ఆ రాళ్లతోనే పేర్చి 2024 మార్చిల తెరిచిండ్రు. సున్నం కొట్టి కొత్తగ చేసినమని చెప్పలే కదా. అసోంటి పనికి పైసలు పెట్టుడు దండుగ అని నేను అనలేను.

నయీంనగర్ నివాసి

అన్నా, ఇంత ఓపికగ చెప్పినందుకు దండం. అయితే ఫ్రెండ్స్ కూడ ఫిల్మే కదా? అది కూడ తెప్పియ్యాల్నా?

కాజీపేట జంక్షన్

ఆ ఒక్కటి తొందరపడకండి అన్నయ్యా. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను, ఫ్రెండ్స్ డీవీడీలు సబ్‌టైటిల్స్‌తో పిల్లలకు వేసి చూపించేదాన్ని. కాబట్టి మాటలు నాకు దాదాపు నోటికొచ్చు. 2012లో బ్లూరే వచ్చాక ఒక స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని పెట్టాను. తేటగా ఉంది, కాదనను. కానీ చూస్తుంటే ఒక జోకు రావాల్సిన చోట రాలేదు. ఇంకో పది నిమిషాలకు ఇంకోటి పోయింది. మొదట నా జ్ఞాపకమే తప్పనుకున్నాను. తర్వాత తెలిసింది, అమెరికా డీవీడీల్లో ఉన్నవి కొంచెం పొడిగించిన ఎపిసోడ్లు, బ్లూరేలో వేసింది టీవీలో ప్రసారమైన కొలతవి. బొమ్మ పెరిగింది, మాట తగ్గింది.

ఇంకొకటి, బొమ్మ ఆకారం మార్చారు. అప్పట్లో అందరి ఇళ్లలో ఉన్నది డబ్బా టీవీ, ఆ చట్రానికి తగ్గట్టే మనుషుల్ని నిలబెట్టి తీశారు. ఇప్పటి వెడల్పు తెర నింపడానికి ఫిల్ములో పక్కన మిగిలిన భాగం కలిపారు, కొన్నిచోట్ల పైనా కిందా కోశారు. పక్కన మిగిలిన భాగం ఎవరికీ చూపించాలని తీసింది కాదు. అందుకే కొన్ని సీన్లలో అసలు నటి ఉండాల్సిన చోట ఆమె బదులు నిలబడ్డ మనిషి అంచున కనబడుతుంది. సైన్‌ఫెల్డ్ అనే ఇంకో అమెరికా కామెడీ సీరియల్‌కు ఇంతకంటే అన్యాయం జరిగింది. రోడ్డు మీద గుంత చుట్టూ తిరిగే ఎపిసోడ్ ఒకటుంది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన వెడల్పు బొమ్మలో మనుషులు కిందికి వంగి చూస్తుంటారు, వాళ్లు చూస్తున్న గుంత మాత్రం కోతలో పోయింది.

తీసినవాళ్లు గీసుకున్న చట్రాన్ని గౌరవించిన బ్లూరే అయితేనే కొనండి. స్టార్ ట్రెక్‌ను డబ్బా ఆకారంలోనే ఉంచారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. ఫ్రెండ్స్‌కు మీ డీవీడీలే మేలు.

గోదావరిఖని తమ్ముడు

అక్కా, గీ మాట నాకు మస్తు నచ్చింది. అంటే పాతదే మంచిదని మీరు కూడ ఒప్పుకున్నట్టే కదా. అయినా ఈ డిస్కులన్ని ఎందుకు, ఇంటింటికి ఫైబర్ వచ్చింది. నెలకింత కట్టి చూసుకుంటే అల్మార ఖాళీ అయితది.

కాజీపేట జంక్షన్

పాతదని కాదు తమ్ముడూ, పూర్తిగా ఉన్నదని. నెల నెలా కట్టే దాంట్లో ఏది ఉంచాలో, ఏది తియ్యాలో వాళ్ల ఇష్టం. గుంత పోయిన ఎపిసోడ్ కూడా అలా చూసిందే. పోయిన ఏడాది పిల్లలకు చూపిద్దామని ఒక సీరియల్ మీద పాఠం మొత్తం తయారు చేసుకున్నాను. సోమవారం క్లాసులో తెరిస్తే అది అందులో లేదు. అరవై మంది ముందు ఖాళీ తెరతో నిలబడ్డాను. డిస్కు అలా చెయ్యదు.

పెద్దపల్లి

ఒక చిన్న మాట. మా అక్క లండన్‌ల ఉంటది, నా డిస్కులన్ని అక్కడియే. అమెరికా సీరియల్ ఫిల్ము సెకనుకు 24 బొమ్మలు. బ్రిటన్ డీవీడీ మన పాత టీవీల లెక్కనే పాల్ పద్ధతి, 25 బొమ్మలు. అందుకని 24ను 25 చేసి ఉరికిస్తరు. 45 నిమిషాల ఎపిసోడ్ 43 నిమిషాలకే అయిపోతది, గొంతులు జర సన్నగ అయితయ్. ఏండ్ల తరబడి అదే అసలు గొంతు అనుకున్న. బ్లూరే 24తోనే నడుస్తది. మొదటిసారి పెట్టినప్పుడు హీరో గొంతు బరువుగ వినబడితే డిస్కు ఖరాబైందని భయపడ్డ. బ్రిటన్ డీవీడీలున్నోళ్లకు బొమ్మతోని పాటు గొంతు కూడ బాగుపడుతది.

పాత స్టూడియో, హన్మకొండ చౌరస్తా

పెద్దపల్లి తమ్ముడు మంచి సంగతి చెప్పిండు. కాజీపేట చెల్లె చెప్పింది నేను కాదనను, ఫ్రెండ్స్ విషయంల నేనూ డీవీడీ దిక్కే.

ఇగ ట్విలైట్ జోన్. నా మాట నమ్మకున్రి, మీ కండ్లతోనే చూడున్రి. 1959 నుంచి 1964 దాక 156 ఎపిసోడ్లు. దాదాపు అన్ని 35 మిల్లీమీటర్ల ఫిల్ము. గని రెండో సీజన్ల ఖర్చు తగ్గియ్యాలని ఆరు ఎపిసోడ్లు వీడియో టేపు మీద తీసిండ్రు. అంటే ఒక్క పెట్టెల రెండు రకాలున్నయ్. ఆ సీజన్ బ్లూరే నా దగ్గర ఉంది, స్టార్ ట్రెక్ మూడో సీజన్ కూడ ఉంది. ఆదివారం మీ ఇంటికే తెస్త. టీ పెట్టిస్తే చాలు.

బావకు ముందుగాల్నే చెప్పాల్సినయ్ రెండున్నయ్. ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లల్ల ఆడాల్నో తాళం పెడతరు, ఆ దేశాల గుంపును రీజియన్ అంటరు. డీవీడీకి మన దేశం ఐదో రీజియన్, అమెరికా ఒకటి. బ్లూరేకు మనది సీ, అమెరికా ఏ. మీ ప్లేయర్ల అమెరికా డీవీడీలు ఆడుతున్నయని బ్లూరేలు కూడ ఆడుతయనుకోవద్దు, రెంటి తాళాలు వేరు. పెట్టె ఎనక తాళం లేనిదా ఉన్నదా చూసి తెమ్మనాలె. ప్లేయర్ గూడ అక్కడిదే తెస్తా అంటే 110 వోల్టులదా, 240 దాక తీసుకుంటదా అని అడగాలె. నా దగ్గరికి అట్ల కాలిపోయి వచ్చినయ్ ఉన్నయ్. శాంసంగ్ 2019ల కొత్త బ్లూరే ప్లేయర్లు ఆపేసింది, చేసేటోళ్లు తగ్గుతున్నరు. కొనాలనుకుంటే ప్లేయర్ ముందు, డిస్కులు తర్వాత.

స్టార్ ట్రెక్‌లనే డీప్ స్పేస్ నైన్ అనే ఇంకో సీరియల్ మీద ఆశ ఉంటే మాత్రం డీవీడీయే దిక్కు. దానికి ఆ నెగెటివ్ పని ఎవరూ చెయ్యలే.

గోదావరిఖని తమ్ముడు

అన్నా, తీసేటోళ్లు పడ్డ కష్టం మీరు చెప్పేదాక నాకు తెల్వదు. నెగెటివ్‌కెళ్లి కొత్తగ చేసినదానికి పైసలు పెట్టుడు వేరు అని ఒప్పుకుంట. అయినా మూడు సెట్లు ఒక్కసారి కొనమని ఎవ్వరికీ చెప్పను. కొన్నా సరే, పాతయి కబాడీకి ఎయ్యకున్రి. మా దగ్గర బొగ్గు దుమ్ముకు మా నాయన కొన్న రామాయణం డీవీడీలు గీతలు పడ్డయి. డీవీడీని తుడిస్తే నడుమ నుంచి అంచుకు నిలువుగ తుడవాలె, గుండ్రంగ తిప్పొద్దు. నేను గుండ్రంగ తిప్పిన, రెండు డిస్కులు పోయినయ్. ఒకదాంట్ల నాయన తన చేతితోని రాసిన చీటీ ఉండె, అందుకే డిస్కు నడవకున్నా దాచుకున్న.

నయీంనగర్ నివాసి

ఆదివారం స్టూడియో అన్న వచ్చిండు. తొమ్మిది అడుగుల దూరంల సోఫా, కిటికీలకు దుప్పట్లు కట్టినం. ముందుగాల స్టార్ ట్రెక్ డీవీడీ, ఎంబడే అదే ఎపిసోడ్ బ్లూరే. డీవీడీల ఓడ ఎనక నక్షత్రాలు తెల్లటి మచ్చలు. బ్లూరేల సూది మొన పెట్టినట్టున్నయ్. కెప్టెన్ దగ్గరికి వచ్చి నిలబడ్డప్పుడు యూనిఫాం బట్ట నేత తెలిసింది. మా ఇంటామె పుట్టింటోళ్లది సిరిసిల్ల. లేచి తెర దగ్గరికి పోయి "ఇది ఉన్ని బట్ట, నేత చూడు" అన్నది. డీవీడీల అది ఎర్ర రంగు పూసినట్టుండె, గంతే.

తర్వాత ట్విలైట్ జోన్. ఫిల్ము ఎపిసోడ్ల ముసలాయన చెంప మీద మాపు గడ్డం వెంట్రుకలు కనబడ్డయి. టేపు ఎపిసోడ్ బ్లూరేల కూడ మెత్తగ, మా డీవీడీ లెక్కనే ఉంది. అన్న ఏమన్లే, నా దిక్కు చూసిండు.

బావకు ఫోన్ చేసిన. స్టార్ ట్రెక్ తెమ్మన్న, తాళం చూసి. ట్విలైట్ జోన్ వచ్చే ఏడు. ఫ్రెండ్స్ వద్దన్న. పాత డీవీడీలు పై అరలకు పోతయ్, కబాడీకి కాదు. ఫోన్ పెట్టేముందు మా ఇంటామె ఫోన్ గుంజుకుని "అన్నా, ప్లేయర్ మాత్రం 240దే తే" అని చెప్పింది.