ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు: పిల్లనివ్వొచ్చా?

హన్మకొండ అన్న:
మా చెల్లెకు జగిత్యాల నుంచి సంబంధం వచ్చింది. ఇద్దరికీ నచ్చింది. గోత్రాలు వేరు, మా రెండిళ్ల మధ్య ఎప్పుడూ రాకపోకలు లేవు. కానీ ఇంటిపేరు ఒకటే. "ఒక్క ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్లే" అని మా పెద్దబాపు పట్టుబట్టాడు. అదే మనిషి మేనత్త కొడుక్కు ఇద్దామంటే వెంటనే సరేనంటాడు! ఇదెక్కడి లెక్క?

పరకాల రైతు:
పెద్దబాపు మాట తీసెయ్యకు తమ్ముడూ. మేనత్త పెళ్లయి వేరే ఇంటికి పోయింది, ఆమె పిల్లలు ఆ ఇంటివాళ్లు. ఇంటిపేరు కలిసినవాళ్లు పాలోళ్లు, అంటే దాయాదులు. ఎప్పుడో భూమి పంచుకొని ఒకరు జగిత్యాల దిక్కు పోయి ఉండొచ్చు.

హన్మకొండ అన్న:
రుద్రమదేవి తర్వాత ఓరుగల్లును ఏలిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే కదా. ఆయన్ని కాకతీయుడనే అంటున్నాం. మరి మేనత్త పిల్లలు పరాయివాళ్లు ఎట్లయ్యారు?

వరంగల్ ల్యాబ్ టెక్నీషియన్:
అన్నా, రక్తం లెక్క వేరు. మేనత్త కొడుకైనా, పెద్దనాన్న కొడుకైనా మనతో పంచుకునే జన్యువులు సగటున 12.5 శాతమే. ఒకరు బావ, ఒకరు అన్న అయ్యేది వరసలోనే. మేనమామతో అయితే 25 శాతం. తలసీమియా లాంటి జబ్బు తీవ్రంగా రావాలంటే అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు బిడ్డకు చేరాలి. దగ్గరి చుట్టాల మధ్య పెళ్లయితే ఆ ప్రమాదం ఎక్కువ. నాకైతే మేనరికం గురించే టెన్షన్. 1955 హిందూ వివాహ చట్టం కూడా తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్లి వద్దంటుంది, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇస్తుంది. ఇంటిపేరు ఊసే ఎత్తదు.

ఉట్నూరు టీచర్:
మా గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు, అంటే వంశాల గుంపులు ఉంటాయి. ఒకే సగవాళ్లు ఇంటిపేర్లు వేరైనా అన్నదమ్ములే, పెళ్లి కుదరదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లకు భేటింగ్ చేస్తారు. దేవుడికి పరిచయం అయ్యాకే ఆ పిల్ల వంశంలో మనిషి. ఇంటిపేరు ఒక్కటే చూసి చెప్పేస్తే మా దగ్గర తప్పైపోతుంది.

పరకాల రైతు:
ల్యాబ్ చెల్లె చెప్పింది కాదనను. కానీ తమ్ముడూ, ఒకటి చూడు. ఆ ఇంట్లో ఎవరన్నా పోతే మీకు కబురు వస్తదా? మీరు అంటు పడతారా? మా ఊళ్లో పాలోళ్లను పట్టేది దాంతోనే. రెడ్డి, కాపు ఇళ్ల గోత్రాలు చెప్పే వంశరాజులు మీ దిక్కు ఉంటే వాళ్లనూ అడుగు. వాళ్ల నోట్లో ఉన్నంత వంశం మన కాగితాల్లో ఉండదు.

హన్మకొండ అన్న:
తాత పోయినప్పుడు మాతో పాటు అంటు పట్టిన ఇళ్లన్నీ నిన్న బాపుతో చెప్పించి రాసుకున్నా. పదకొండు ఇళ్లు, అన్నీ ఆత్మకూరు చుట్టుపక్కలే. జగిత్యాల దిక్కు ఒక్కటీ లేదు. ఆదివారం పెద్దబాపు దగ్గరికి ఆ కాగితం తీసుకొని పోతున్నా. చెల్లె కూడా వస్తానంది. ఆయన అక్షింతలు వెయ్యకుండా మాత్రం పెళ్లి చేసుకోదట.