ఏప్రిల్‌లో కువారీ పాస్ పోతున్నాం, ఎండ ఉంటే మంచు సేఫేనా?

అలిపిరి_మెట్లు (తిరుపతి): ఏప్రిల్‌లో మా ఆఫీసు వాళ్లం కలిసి ఉత్తరాఖండ్‌లో కువారీ పాస్ (కొండల మధ్య కనుమ) ట్రెక్‌కి పోవాలనుకుంటున్నాం. ఆదివారాలు అలిపిరి నుంచి కొండెక్కుతున్నాం కాబట్టి ఊపిరి గురించి భయం లేదు, టెన్షన్ అంతా మంచు గురించే. ట్రెక్ కంపెనీని అడిగితే "చలికాలం అయిపోయింది సార్, మంచి ఎండ ఉంటుంది, ఏమీ కాదు" అంటున్నారు. నిజమేనా?

కొండగాలి (చిత్తూరు): ఆ సీజన్‌లో ఎండతోనే ప్రమాదం తమ్ముడూ. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు బాగా గడ్డకడుతుంది, పొద్దున బూటు కూడా దిగదు. ఎండెక్కే కొద్దీ పైపొర కరిగి ఆ నీళ్లు లోపలికి ఇంకుతాయి, రేణువుల మధ్య పట్టు పోతుంది, కింద గట్టి పొర దగ్గర నీళ్లు ఆగాయంటే పైనున్నదంతా జారిపోతుంది. 2021 చివర్లో వానలకు తిరుమల ఘాట్ రోడ్డులో బండలు పడ్డాయి కదా, అక్కడా నీళ్లు లోపలికి దిగడమే కారణం, కాకపోతే మంచుకు వాన కూడా అక్కర్లేదు, ఎండ చాలు. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట ఎక్కువ భయం. తూర్పు వాలుకి ముందు ఎండ తగులుతుంది, పడమటి వాలు మధ్యాహ్నం మెత్తబడుతుంది. తెల్లవారక ముందే బయల్దేరి, ఎండ ముదరకముందే అలాంటి వాలు దాటేయాలి.

పీలేరు_అక్క: అన్న చెప్పింది నిజమే గానీ ఒకటి కలపాలి. రాత్రి మబ్బు పట్టి ఉంటే మంచు సరిగా గడ్డకట్టదు, అప్పుడు పొద్దున 6 గంటలకి పోయినా లాభం లేదు. బూటు పిక్కదాకా దిగిపోతున్నా, వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, మంచు మీద వాన పడినా వెనక్కి తిరగండి. మా ట్రెక్‌లో గైడ్ ఇలాగే తిప్పితే మాతో వచ్చినవాళ్లు "డబ్బు కట్టాం కదా, పాస్ చూపించాల్సిందే" అని ఆయన మీద పడ్డారు. ఆయనకు ఆ కొండ చిన్నప్పటి నుంచి తెలుసు, మనకేం తెలుసు? దయచేసి మీ గ్రూపులో అలా చేయొద్దు.

రేణిగుంట_రైడర్: ట్రెక్ చేసేవాళ్లకే అనుకోకండి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా పోయే రోడ్డు పక్కన మధ్యాహ్నం మంచు చరియలు పడి 7 మంది టూరిస్టులు చనిపోయారు. 13వ మైలు దాకే పర్మిట్ ఉన్నా 15వ మైలు దగ్గరికి పోయారని అప్పుడు పేపర్లలో వచ్చింది. వేసవి సెలవుల్లో మన ఊళ్ల నుంచి గ్యాంగ్‌టక్ పోయే ఫ్యామిలీలు చాలా ఉన్నాయి, పిల్లలు మంచులో ఆడుకోవాలంటే పైన నిటారు వాలు లేనిచోటు చూసి దించండి.

అలిపిరి_మెట్లు: ఇంత ఉందని తెలియదు అక్కా. ఒకవేళ చిక్కుకుంటే రెస్క్యూ వాళ్లు వస్తారు కదా?

కొండగాలి: వాళ్లు వచ్చేదాకా టైమ్ ఉండదు. పూర్తిగా కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం 10, 15 నిమిషాలు దాటితే చాలా పడిపోతుంది, పక్కనున్న మీరే తీయాలి. కొత్తగా పడిన పొడి మంచు ఘనమీటరు 100 కిలోలు ఉంటే తడి మంచు 400, 500 కిలోలు ఉంటుంది, పైగా జారి ఆగిన వెంటనే బిగుసుకుపోతుంది, చేతులతో తవ్వలేరు. అందుకే బీకన్ (సిగ్నల్ పంపే, కూరుకుపోయినవాళ్ల సిగ్నల్ పట్టే చిన్న యంత్రం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. గైడ్ ఒక్కడి దగ్గర ఉంటే ఆయనే కూరుకుపోయినప్పుడు ఏం చేస్తారు?

మదనపల్లె_ట్రెక్స్: చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (డీఆర్‌డీవో కింద మంచు చరియల మీద పనిచేసే సంస్థ) ఇచ్చే హెచ్చరికలు పోయే ముందు చూడండి. అవి జిల్లా మొత్తానికి, మీరు దాటే వాలు సంగతి గైడే చెప్పాలి. ఇంకొకటి, వాగుల మీద మంచు వంతెనల్లాగా కప్పి ఉంటుంది, మధ్యాహ్నానికి కింద నీళ్లు పెరిగి పలచబడుతుంది. పొద్దున్నే, ఒక్కొక్కరుగా, దూరం దూరంగా దాటండి. వాలు కింద నిలబడి ఫొటోలు దిగడం, టిఫిన్ తినడం వద్దు.

అలిపిరి_మెట్లు: ఈరోజే ఫోన్ చేసి బీకన్లు ఇస్తారా, ఎన్ని గంటలకి బయల్దేరతారు, వెనక్కి తిరగాల్సి వస్తే చేతిలో అదనపు రోజు ఉందా అని అడుగుతా. మంచు తగ్గాక మే చివర్లో పోదామని ఇద్దరు అంటున్నారు, అదీ మాట్లాడుకుంటాం.

పీలేరు_అక్క: బీకన్లు ఇస్తే బేస్ క్యాంపులోనే ఒకదాన్ని మంచులో పాతిపెట్టి అందరూ వెతికి చూడండి. రోజూ పొద్దున నడక మొదలుపెట్టే ముందు అందరివీ ఆన్‌లో, సెండ్‌లో ఉన్నాయో లేదో ఒకరిది ఒకరు చూసుకోండి.