నాలుగేళ్లు నిండాయి, ఇంకా తినిపించాలా?

ఎల్‌కేజీ అమ్మ:
మా అబ్బాయికి ఈమధ్యే నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. లంచ్ బాక్సు పెట్టింది పెట్టినట్టే ఇంటికి వస్తోంది. టీచరును అడిగితే, "డబ్బా మూత తీసి పెడితే నోరు తెరుచుకుని కూర్చుంటాడండీ, ఎవరో పెడతారని చూస్తాడు" అన్నారు. ఇంట్లో మూడు పూటలా మా అత్తగారే తినిపిస్తారు. వాడి చేతిలో ఫోను ఉంటుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని నమలడం మర్చిపోతాడు. ఆవిడ వేలితో బుగ్గ నొక్కితే అప్పుడు మింగుతాడు. ఒక్కో భోజనానికి గంట పడుతుంది. నేను ఇంట్లో ఉన్న రోజు కంచం వాడి ముందు పెట్టి తినమంటే, "పిల్లవాడు సగం కడుపుతో లేస్తాడు" అని ఆవిడ వచ్చి కంచం తీసేసుకుంటారు. బరువు 14 కిలోలు ఉన్నాడు. తినిపించడం ఏ వయసులో ఆపాలి? మీ ఇళ్లలో ఎలా ఆపారు?

ఖమ్మం కబుర్లు:
ముందు ఫోను తీసేయండి. సగం రోగం అదే.

లెక్క ప్రకారం:
ఎప్పుడు ఆపాలి అని కాదండీ, ఇన్నాళ్లూ ఎందుకు మొదలుపెట్టనివ్వలేదు అని అడగాలి. తొమ్మిది, పది నెలలకే పిల్లలు బొటనవేలు, చూపుడువేలు కలిపి కింద పడ్డ మరమరాలు ఏరుకుంటారు. ఏడాదిన్నరకు, సగం ఒలకబోసుకుంటూనే, చెంచా నోటి దాకా తెచ్చుకుంటారు. మీ అబ్బాయి చేతులు ఎప్పుడో సిద్ధమయ్యాయి, వాటికి పని ఇచ్చినవాళ్లే లేరు.

ఇది విదేశీ పైత్యం అని ఎవరైనా అనేలోపు ఒక మాట. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరీ తెరిచిన పిల్లల బడిలో భోజనాల బల్ల సర్దడం, వడ్డించడం కూడా పిల్లలే చేసేవారు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అంటే ఆ పద్ధతి మన పక్క ఊరికి వచ్చి ఎనభై ఏళ్లు దాటింది.

చేయాల్సింది ఇంతే. చిన్న కంచం, నేల మీద పీట, అరగంట గడువు. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. కంచం తీసేయండి. తరువాతి పూటకు ఆకలే తినిపిస్తుంది.

పాలకొల్లు నాయనమ్మ:
"తింటే తిన్నాడు, లేకపోతే లేదు" అనడం ఎంత సులువు నాయనా! నాలుగేళ్ల పిల్లవాడికి పప్పు ఎంత, అన్నం ఎంత, నెయ్యి ఎంత అని కలుపుకోవడం వస్తుందా? పొగలు కక్కే అన్నం వేళ్లతో ఆరబెట్టుకోవడం వస్తుందా? చేప ముక్కలో ముల్లు తీసుకోవడం వస్తుందా? మా మనవడికి ఏడేళ్లు. ఈ రోజుకీ రాత్రి భోజనం నేనే పెడతాను. వాడేమీ చేతకానివాడు కాలేదు. సైకిలు తొక్కుతాడు, లిఫ్టులో ఒక్కడే కిందికి వెళ్లి పాల ప్యాకెట్లు తెస్తాడు. తినే వేళ వాడి ముఖం చూస్తూ ఒక మనిషి కూర్చోవడం మంచిదో చెడ్డదో మీ రోమ్ వాళ్లు ఏమైనా చెప్పారా?

లెక్క ప్రకారం:
ముఖం చూస్తూనా? పిల్లవాడు ఫోను చూస్తున్నాడు, ఆవిడ వాడి బుగ్గ చూస్తున్నారు. మొదటి పోస్టు మళ్లీ చదవండి.

పాలకొల్లు నాయనమ్మ:
ఆ ఫోను కొన్నది నాయనమ్మా?

నిద్రలేమి:
మా ఇంట్లో అసలు సమస్య వేరు. వాడే తింటాడు, కానీ సగం అన్నం నేల మీదే. ఇంత అన్నం ఊడ్చి పారేయడం మనసుకు ఎలాగో ఉంటుంది.

లెక్క ప్రకారం:
పాత పేపరు పరచండి. మడిచి పారేస్తే సరి.

పాలకొల్లు నాయనమ్మ:
అన్నం కాగితంలో మడిచి చెత్తబుట్టలో వేస్తారా? పైగా ఆ సిరా మీద పడిన మెతుకు వాడు ఏరుకుని తింటే?

లెక్క ప్రకారం:
అయితే ప్లాస్టిక్ షీటు వేయండి.

నిద్రలేమి:
షీటు వేశాం. దాన్ని కూడా లాగుతాడు.

ఖమ్మం కబుర్లు:
చాప మేలు. దులిపితే పిచ్చుకలకు, కోళ్లకు పోతుంది. ఎవరికీ పాపం లేదు.

లెక్క ప్రకారం:
అపార్ట్‌మెంటులో కోళ్లు ఎక్కడివండీ? మనం పరిచే బట్ట గురించి మాట్లాడుతున్నామా, పిల్లవాడి గురించా?

అంగన్‌వాడీ టీచరు:
మా కేంద్రంలో మూడేళ్లు నిండిన పిల్లలు వరుసగా కూర్చుని వాళ్లే తింటారు. గుడ్డు పెంకు కూడా వాళ్లే ఒలుచుకుంటారు. పెంకుతో పాటు కొంత తెల్లసొన పోతుంది, పోనిస్తాను. నేను, ఆయా ఇద్దరమే ఉంటాం, ఒక్కొక్కరికీ తినిపించే వీలు మాకు ఎక్కడిది? సాయంత్రం వీధిలో వెళ్తుంటే అదే పిల్లలు అరుగు మీద అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నోరు తెరుస్తూ కనిపిస్తారు. నన్ను చూసి సిగ్గుపడి నోరు మూసుకుంటారు కూడా. కాబట్టి చేతకాదని అనుకోకండి.

పిల్లల వార్డు:
ఆసుపత్రిలో పిల్లల విభాగంలో నర్సుగా పనిచేస్తాను. బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నాలుగేళ్ల అబ్బాయికి నడిమి బరువు 16.3 కిలోలు. 12.7 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. 14 కిలోలు భయపడాల్సిన అంకె కాదు. ఎత్తు కూడా కలిపి, ముందటి నెలల బరువులతో పోల్చి చూడాలి.

ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడేది ఇక్కడే. పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్లవాడు ఏడాదికి తొమ్మిది దాటతాడు. ఆ తరువాత ఏడాదికి రెండు కిలోలు పెరిగితే గొప్ప. పెరుగుదల నెమ్మదించాక ఆకలి కూడా తగ్గుతుంది కదా. "చిన్నప్పుడు ఎంత బాగా తినేవాడో" అని ప్రతి నాయనమ్మా మా దగ్గర అంటుంది. నిజమే, అప్పుడు తినేవాడు.

కొన్ని జాగ్రత్తలు. పాలు రోజుకు అర లీటరు మించితే అన్నానికి ఆకలి ఉండదు. సొంతంగా తినే పిల్లలకు వేరుశనగ గింజలు, గుండ్రని ద్రాక్షపళ్లు అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్ష నిలువుగా కోసి ఇవ్వండి. కూర్చునే తినాలి, పరుగెడుతూ కాదు. ఫోను చూస్తూ మింగితే కడుపు నిండిన సంగతి కూడా తెలియదు. మింగేటప్పుడు తరచూ దగ్గు వస్తున్నా, మెత్తటివి తప్ప ఏదీ ముట్టకపోయినా మాత్రం ఇంట్లో చర్చలు మాని డాక్టరుకు చూపించండి.

డల్లాస్ నుంచి:
ఇక్కడ డేకేర్‌లో ఏడాది దాటగానే మావాడు తనే తినేవాడు. మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లింది. ఇప్పుడు డేకేర్‌లో తింటాడు, ఇంట్లో నోరు తెరుస్తాడు. ఎక్కడ ఎవరి దగ్గర ఏది సాగుతుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

సరళరేఖ:
ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నాను. నాకు మూడేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. వాడి బాలసారె అయిన నాటి నుంచి నా కంచం నా ముందే. మాంటిస్సోరీ పేరు కూడా ఎవరికీ తెలియదు, నేను మాత్రం అన్నీ సొంతంగా నేర్చుకున్నాను. జడ రాకపోతే జుట్టు కత్తిరించారు, ఆ పనీ తప్పింది. తమ్ముడికి మూడో తరగతి దాకా అమ్మ కలిపి పెట్టింది. ఈ రోజుకీ వాడు కంచం ముందు కూర్చుని మంచినీళ్లు అని కేక వేస్తాడు. అప్పట్లో నేను తెచ్చేదాన్ని, ఇప్పుడు మరదలు తెస్తోంది. ఎల్‌కేజీ అమ్మగారూ, మీకు అమ్మాయే అయి ఉంటే మీ అత్తగారు మూడు పూటలా తినిపించేవారా?

లెక్క ప్రకారం:
చర్చ పక్కదారి పడుతోంది. అడిగింది వయసు గురించి.

సరళరేఖ:
అదే చెబుతున్నాను. నాకు మూడేళ్లు, వాడికి ఎనిమిదేళ్లు.

పాలకొల్లు నాయనమ్మ:
అమ్మా సరళరేఖా, నా మనవరాలికీ నేనే పెట్టాను. అందరినీ ఒకేలా చూడకు.

లెక్క ప్రకారం:
అందరికీ మీరే పెట్టారు, అదే నేనంటున్నది. నాయనమ్మగారూ, ముక్కుసూటిగా చెబుతున్నాను. ఏడేళ్ల పిల్లవాడు పాల ప్యాకెట్లు తేగలడు కానీ ముద్ద ఎత్తుకోలేడు అంటే ఎవరు నమ్ముతారు? మీకు కావలసింది వాడి కడుపు నిండటం కాదు. మీరు లేకపోతే వాడికి గడవకుండా ఉండటం. పిల్లవాడిని అడ్డం పెట్టుకుని ఇంట్లో మీ స్థానం కాపాడుకుంటున్నారు.

పాలకొల్లు నాయనమ్మ:
సరే, చెబుతాను విను. పాలకొల్లులో ఇంటికి తాళం వేసి, కొబ్బరితోట కౌలుకు ఇచ్చి, మనవడు పుట్టిన ఏడాది మియాపూర్‌లో పదకొండో అంతస్తుకు వచ్చాను. నేను వస్తానని అనలేదు, రమ్మని వాళ్లే ఫోను చేశారు. డేకేర్‌లో పిల్లలను సరిగా చూడరట, ఆయాలను నమ్మలేమట. వాళ్లిద్దరూ పొద్దున ఎనిమిదింటికి వెళితే చీకటి పడ్డాక వస్తారు. ఈ అంతస్తులో తెలుగు మాట్లాడే ముసలివాళ్లు ఇంకెవరూ లేరు.

వచ్చిన వారానికి ఫ్రిజ్ తలుపుకు కాగితం అంటించారు. పదింటికి పండు, పన్నెండున్నరకు అన్నం, చక్కెర వద్దు, ఉప్పు తక్కువ, నెయ్యి ఒక్క చెంచా. నేను ముగ్గురిని పెంచి పెళ్లిళ్లు చేసినదాన్ని, నాకు నెయ్యి కొలత రాసి ఇచ్చారు. పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చునేది నేను. తెల్లారి "నిన్న ఏం పెట్టారు" అని నన్ను నిలదీసేది వాళ్లు. చాకిరీ మాది, తీర్పు మీది. ఆ కాగితంలో రాయనిది ముద్ద కలిపి పెట్టడం ఒక్కటే. అది కూడా మానుకోమని నువ్వు రోమ్ నుంచి కబురు తెచ్చావు. స్థానం కాపాడుకుంటున్నానా? అవును, కాపాడుకుంటున్నాను. లేకపోతే నా ఊరికి నన్ను పంపించేయండి, పిల్లవాడు తనంత తానే తింటాడు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. లెక్క ప్రకారం గారికి ఇది హెచ్చరిక.

డల్లాస్ నుంచి:
ఇది చదివి ఇప్పుడే మా అమ్మకు ఫోను చేశాను. ఆవిడ ఫ్రిజ్ కాగితం సంగతే ముందు ఎత్తింది.

ఎల్‌కేజీ అమ్మ:
మా ఫ్రిజ్ మీద కూడా ఒక కాగితం ఉంది. రాసింది నేనే, తీయను కూడా. నేను తొమ్మిదింటికి వెళ్లి ఏడున్నరకు వస్తాను, పగలంతా పిల్లవాడు ఏం తిన్నాడో తెలియకపోతే నాకు ఆఫీసులో పని సాగదు. కానీ అత్తయ్యను రమ్మని ఫోను చేసింది నేను కాదు, మా ఆయన. ఈ తినిపించే విషయం ఆవిడతో మీరు మాట్లాడండి అంటే, "అమ్మ బాధపడుతుంది" అంటారు. నేను మాట్లాడితే కోడలు ఎదురుచెప్పింది అవుతుంది. అందుకే ఇక్కడ ముక్కూ ముఖం తెలియనివాళ్లను అడుగుతున్నాను.

అంగన్‌వాడీ టీచరు:
అమ్మా, మీ అత్తగారి చేతిలోంచి కంచం లాక్కోకండి. ఆవిడనే కలపనివ్వండి. కలిపి చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరుసగా పెట్టమనండి, నోట్లో పెట్టుకోవడం పిల్లవాడి వంతు. మొదట ఇడ్లీ ముక్కలు, గట్టిగా కలిపిన పెరుగన్నం వంటివి పెట్టండి. చారన్నం చివర్లో నేర్పండి, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే పిల్లలు విసిగిపోతారు. లంచ్ బాక్సులో కూడా కొన్నాళ్లు ముద్దలు చేసే పంపండి. మూత తీయడం ఇంట్లో నేర్పారా? మా దగ్గర చాలామందికి ఆకలి ఉంటుంది, మూత రాదు.

పాలకొల్లు నాయనమ్మ:
ఈ టీచరమ్మ చెప్పింది పాత పద్ధతే. నా ముగ్గురికీ, మా తోటికోడలి పిల్లలకూ ఒకే బేసినులో కలిపి, చుట్టూ కూర్చోబెట్టి, చేతిలో ముద్ద పెట్టేదాన్ని. చివర ఆవకాయ ముద్ద కోసం కొట్టుకునేవారు.

లెక్క ప్రకారం:
చేతిలో! నోట్లో కాదు కదా! అంటే మీ సొంత పిల్లలు నాలుగేళ్లకు వాళ్లంతట వాళ్లే తిన్నారన్నమాట.

పాలకొల్లు నాయనమ్మ:
అప్పుడు ఇంటి నిండా పిల్లలు, ఇద్దరు కూలీలకు కూడా వండాలి. ఒక్కొక్కరి నోట్లో పెట్టే తీరిక ఎక్కడిది? ఇప్పుడు ఒక్కడే మనవడు, పగలంతా ఖాళీ.

ఖమ్మం కబుర్లు:
ఇంతకీ ఎల్‌కేజీ అబ్బాయి నాన్నగారు ఎప్పుడైనా తినిపించారా?

ఎల్‌కేజీ అమ్మ:
మా ఆయనకు ఇప్పటికీ అత్తయ్యే వడ్డిస్తారు.

లెక్క ప్రకారం:
అందరు నాన్నలనూ ఒకే గాటన కట్టకండి. మా పాపకు సొంతంగా తినడం నేనే దగ్గరుండి నేర్పాను. రెండున్నరేళ్లకే తినేది.

సరళరేఖ:
రోజూ, మూడు పూటలా మీరేనా?

లెక్క ప్రకారం:
సెలవు రోజుల్లో నేనే.

సరళరేఖ:
మిగతా రోజుల్లో?

లెక్క ప్రకారం:
మా అత్తగారు మాతోనే ఉంటారు. పద్ధతి మాత్రం నాదే.

పాలకొల్లు నాయనమ్మ:
ఆవిడకు కూడా ఇందులో రాయడం నేర్పు నాయనా. పద్ధతి ఎవరిదో ఆవిడ చెబుతారు.