అప్‌డేట్: ఆర్డర్ల లిస్టులో పాత పేజీలు తెరుచుకోవడానికి ఆలస్యం – పరిష్కారమైంది

గత నెల ఇక్కడే అడిగాను: హైదరాబాద్ కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకు చేసిన వెబ్ అప్లికేషన్‌లో దాదాపు 40 లక్షల ఆర్డర్లున్నాయి, మొదటి పేజీలు వెంటనే వస్తున్నాయి, పాత పేజీలకు వెళ్లేకొద్దీ లోడ్ అవుతూనే ఉంటోంది అని. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కీసెట్ పద్ధతి, అంటే చివరగా చూపించిన రికార్డును గుర్తుగా పెట్టుకుని దాని తర్వాతివి అడగడం. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (డేటాబేస్ లోపల ఏం చేస్తోందో చూపించే కమాండ్) నడిపి చూస్తే అసలు విషయం తెలిసింది. ఆఫ్‌సెట్ 20 లక్షలు (మొదటి 20 లక్షలు వదిలి తర్వాతివి ఇవ్వు) అంటే మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ నేరుగా అక్కడికి దూకదు; ఆ 20 లక్షల రికార్డులూ చదివి వదిలేసి, తర్వాతి 50 ఇస్తుంది. ఇప్పుడు పేజీ నంబరు బదులు, చివరగా చూపించిన ఆర్డర్ తేదీ, ఐడీ (ప్రతి ఆర్డర్‌కూ వేరుగా ఉండే నంబరు) పంపి "వీటికంటే పాతవి 50" అని అడుగుతున్నాను. ఆ రెండు కాలమ్స్ మీద కలిపి ఒకే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక). ఎంత పాత పేజీ అయినా వెంటనే వస్తోంది.

ఐడీ మాత్రం మర్చిపోకండి. మొదట తేదీ ఒక్కటే పెట్టాను. ఒకే సమయానికి పడ్డ ఆర్డర్లలో కొన్ని పేజీ మారేచోట కనిపించలేదు. బిల్లింగ్ డేటా కదా, రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను.

మొత్తం ఎన్ని పేజీలని ప్రతిసారీ కౌంట్ చేయడం తీసేశాను. 51 రికార్డులు తెచ్చి, 51వది ఉంటేనే "తర్వాత" బటన్ చూపిస్తున్నాను. ర్యామ్ పెంచి చూశాను, తేడా ఏమీ రాలేదు.

ఒక లోటుంది: నేరుగా 500వ పేజీకి వెళ్లలేం. షాపులో లెక్కలు చూసే అన్నను అడిగితే, తనకు కావలసింది పేజీ కాదు, ఫలానా తేదీ ఆర్డర్లు అన్నాడు. తేదీతో వెతికే సదుపాయం పెట్టాను, సరిపోయింది.