రోజూ తడిపినా లాన్ వాడుతోంది, డ్రిప్‌లో చివరి మొక్కలకు నీరందట్లేదు

పెరటిపచ్చ:
లాన్ 40 చదరపు మీటర్లు, బంకమట్టి. నిమిషానికి 15 లీటర్లు వచ్చే పైపుతో రోజూ సాయంత్రం 10 నిమిషాలు తడుపుతున్నాం. అయినా మధ్యాహ్నానికి గడ్డి వాడిపోతోంది. పక్కనే 20 మొక్కలకు డ్రిప్ ఉంది, ట్యాంకు అడుగు నేలకు 4 మీటర్ల ఎత్తులో. చివరి ఆరేడు డ్రిప్పర్లలో చుక్క రాదు. నీటి వాడకం పెంచకుండా దారి ఉందా?

మట్టివేళ్లు:
ముందు లాన్ సంగతి. చదరపు మీటరుకు 1 లీటరు పోస్తే 1 మి.మీ. తడి. మీరు పోసే 150 లీటర్లు రోజుకు 4 మి.మీ. లోపే, వారానికి మాత్రం 26 మి.మీ. మామూలుగా చాలా లాన్లకు అది సరిపోతుంది. కాబట్టి నీళ్లు చాలక కాదండీ, రోజూ కొంచెం కొంచెంగా పోయడం వల్లే ఈ తిప్పలు. పైపొర తడిసి ఆరిపోతుంది, వేళ్లు కిందికి దిగవు.

అవే నీళ్లు వారానికి రెండుసార్లు, తడవకు 12 మి.మీ. చొప్పున ఇవ్వండి. అంటే 480 లీటర్లు, మీ పైపుతో 32 నిమిషాలు. బంకమట్టి ఒక్కసారిగా పీల్చుకోదు. 10 నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ పెట్టండి, మూడు విడతలు. తెల్లవారుజామున పెడితే ఆవిరి తక్కువ, రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగులు పట్టే బాధా ఉండదు. స్ప్రింక్లర్ వాడితే నిటారు అంచుల డబ్బాలు ఏడెనిమిది అక్కడక్కడా పెట్టి 15 నిమిషాలయ్యాక స్కేలుతో కొలవండి. ఒక డబ్బాలో 2, ఇంకోదానిలో 6 మి.మీ. ఉంటే స్ప్రింక్లర్ చోటు మార్చాల్సిందే.

తర్వాతి తడి తారీఖు చూసి కాదు, గడ్డి చూసి. నడిచిన అడుగుజాడలు లేవకుండా అలాగే ఉంటే అప్పుడు పెట్టండి. అసలు ఆదా అక్కడే. కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి.

చుక్కలెక్క:
డ్రిప్ గురించి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి, మీకు 0.4. పైపులో రాపిడికి అందులోనూ కొంత పోతుంది. ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లయితే (ఒత్తిడి మారినా నీరు ఒకేలా ఇచ్చే రకం) అంత తక్కువ ఒత్తిడికి సరిగా పనిచేయవు. మామూలువి పెట్టండి. 1 బార్ దగ్గర గంటకు 4 లీటర్లిచ్చేది 0.4 దగ్గర రెండున్నర ఇస్తుంది. పరీక్షకు మొదటి, చివరి డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టండి. 15 నిమిషాల్లో 600 మి.లీ. అటూఇటూ రావాలి. చివరిది బాగా తగ్గితే డ్రిప్పర్లున్న 16 మి.మీ. పైపు లైనుకు నీరు మధ్యలోంచి ఇవ్వండి, లేదా రెండు చివరలూ కలిపి వలయం చేయండి.

అంతకుముందు ఫిల్టర్ జాలీ కడిగి, లైను చివరి మూత తీసి శుభ్రమైన నీరొచ్చేదాకా వదలండి. మట్టి చివరే పేరుకుంటుంది. డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లగా గట్టిపడితే సున్నం. విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి.

ఆకుదుప్పటి:
మొక్కల చుట్టూ 5-7 సెం.మీ. మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి. పచ్చిగడ్డి కోత మందంగా వేయకండి, అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు.

పెరటిపచ్చ:
టైమర్ పెట్టొచ్చా?

చుక్కలెక్క:
పెట్టొచ్చు, కానీ బాల్ వాల్వ్ రకం (మోటారుతో లోపలి గోళం తిరిగి తెరుచుకునేది) తీసుకోండి. సోలినాయిడ్ రకాల్లో (విద్యుదయస్కాంతంతో పనిచేసేవి) చాలావాటికి తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా కొంత ఒత్తిడి ఉండాలి, మీ ట్యాంకుతో సగం తెరుచుకుని ఆగిపోవచ్చు.